కాలిన కాగితములు, మిగిలిన రెక్కలు

జర్మనీకి యుద్ధవిమానములు ఉండరాదని 1919లో వెర్సాయి సంధి శాసించెను. పదునారేండ్లు నిండకమునుపే, 1935 మార్చి నెలలో, హిట్లరు ప్రభుత్వము తనకొక వాయుసేన కలదని లోకమునకు బాహాటముగా చాటెను. దాని పేరు లుఫ్ట్‌వాఫె. 1945 మే నెల నాటికి అది అంతరించినది. ఈ పదేండ్ల కథను తెలిసికొనగోరు వారికి నేడు దిక్కైనవి రెండే: మ్యూజియములలో నిలిచిన విమానములు, పత్రభాండాగారములలో మిగిలిన దస్తావేజులు. విమానములను చూచుటకు జనులు తండోపతండములుగా పోవుచుందురు. కాగితములకై పోవువారు వ్రేళ్లపై లెక్కింపదగినంత మందియే. అయినను ఆ కాగితములు నోరు విప్పనిదే ఈ లోహపు పక్షులు పలుకవని మా యభిప్రాయము.

ఆ కాగితములలో మిగిలినది స్వల్పభాగము. యుద్ధము ముగియనున్న వారములలో, శత్రువుల చేతికి చిక్కరాదని, పైవారి యుత్తరువు ననుసరించి లుఫ్ట్‌వాఫె కార్యాలయములు తమ దస్తావేజులను తామే తగులబెట్టినవి. దళముల యుద్ధదినచర్యలు, ఆజ్ఞాపత్రములు, లేఖలు కట్టలు కట్టలుగా బూడిదయ్యెను. తప్పించుకొన్నవానిలో పెక్కింటిని బ్రిటిషు, అమెరికను సైన్యములు పట్టుకొని తమ దేశములకు తరలించుకొనిపోయినవి. తరువాతి కాలమున తిరిగి జర్మనీ చేరినవి నేడు ఫ్రైబుర్గు నగరమందలి సైనిక పత్రభాండాగారములో నున్నవి.

మిగిలినవానిలో మిక్కిలి విలువైనవి, చూపునకు మిక్కిలి నీరసమైనవి, సరఫరా శాఖాధిపతి కార్యాలయమునకు చేరిన నష్టపు పట్టికలు. ఏ దినమున ఏ దళమునకు చెందిన ఏ విమానము ఎచ్చట దెబ్బతిన్నది, దాని కర్మాగారపు సంఖ్య యెంత, అందున్న వారి గతి యేమయ్యెను అను వివరములు వరుసగా నుండును. దెబ్బ యెంతటిదో నూటి లెక్కలో వ్రాయుట వారి పద్ధతి. సర్వనాశనమునకు 100; అరువది గాని అంతకు మించి గాని పడినచో ఆ విమానము లెక్కనుండి పోయినట్లే. ఈ పట్టికలు ప్రచారశాఖ కొరకు వ్రాసినవి కావు. క్రొత్త విమానము కావలెనన్నచో పోయినది పోయినట్లు వ్రాయక తప్పదు గదా! గుమాస్తాకు గొప్పలు చెప్పుకొను అవసరము లేదు.

ఈ నీరసపు పట్టికలు ఒక మహావిజయపు లెక్కను తారుమారు చేసినవి. 1940 సెప్టెంబరు 15న ఇంగ్లండు గగనతలమున ఘోరయుద్ధము జరిగెను. ఆనాడు 185 జర్మను విమానములను కూల్చితిమని బ్రిటిషు ప్రభుత్వము ప్రకటింపగా దేశమంతయు ఆ సంఖ్యను విని సంతోషించినది. యుద్ధానంతరము జర్మను పట్టికలతో సరిచూడగా నిజమైన నష్టము సుమారు 60 అని తేలినది. బ్రిటిషువారు బుద్ధిపూర్వకముగా బొంకిరని మేము చెప్పబోము. ఒకే విమానముపై ముగ్గురు వైమానికులు కాల్పులు జరిపినచో ముగ్గురును అది తన పాలిదే యనుకొనుట సహజము. జర్మను వైమానికులు చెప్పుకొన్న సంఖ్యలును ఇట్లే పెరిగినవి. అరువది విమానములు కోల్పోవుటయు శత్రువునకు పెద్ద దెబ్బయే గనుక ఆ దినపు ఫలితము మారలేదు.

కాగితములు న్యాయస్థానము నెక్కిన సందర్భము మరొకటి కలదు. విమానోత్పత్తిని నడపిన ఫీల్డుమార్షల్ ఎర్హార్డు మిల్హ్ పాల్గొన్న కేంద్ర ప్రణాళికా సంఘపు సమావేశములలో ఎవరేమి పలికినది లఘులేఖకులు వ్రాసి యుంచిరి. ఆ ప్రతులు అగ్నినుండి తప్పించుకొన్నవి. కర్మాగారములకు పరదేశీయులను, ఖైదీలను బలవంతముగా తోలుకొనివచ్చు విషయమున ఆయన నోట వెలువడిన మాటలే 1947లో న్యూరెంబర్గు న్యాయస్థానమున ఆయనకు యావజ్జీవ శిక్ష తెచ్చినవి. పిమ్మట శిక్ష తగ్గింపబడి 1954లో ఆయన విడుదల యయ్యెను.

వాషింగ్టను వైమానిక మ్యూజియములోని మెసర్ష్మిట్ 262ను చూచువారికి ఈ సంగతి తెలిసియుండుట మంచిది. గంటకు 850 కిలోమీటర్లకు మించి పరుగిడిన ఆ జెట్ విమానము 1945లో అమెరికా వారికి చిక్కిన సొత్తు. యంత్రము అందమైనదే, కాదనలేము. కాని ఆ జాతి విమానముల శరీరభాగములు ఆస్ట్రియాలోని గూజెన్ నిర్బంధ శిబిరమునకు చేరువనున్న సొరంగములలో ఖైదీల చేత తయారయ్యెను. ఆ శిబిరమున వేలమంది మరణించిరి. నున్నని రెక్కపై ఆ గురుతు కనబడదు.

ఇక సముద్రములో దొరికిన విమానము మాట. డోర్నియర్ 17 అను బాంబరు, సన్నని శరీరము వలన ఎగురు పెన్సిలని పేరు పొందినది, వేయికి మించి తయారైనది. యుద్ధము ముగిసిన పిదప అన్నిటిని తుక్కుగా కరగించివేసిరి. ఫిన్లాండునకు 1942లో జర్మనీ ఇచ్చిన పదునైదింటికిని తుదకు అదే గతి పట్టెను. ఈ జాతి పూర్తిగా నశించినదని యందరు తలంచుచుండగా, ఇంగ్లండు ఆగ్నేయ తీరమున నావికులకు భయకారకమైన గుడ్విన్ ఇసుక తిన్నెలపై, నీటి యడుగున ఒకటి వెల్లకిల పడియున్నట్లు బయటపడెను. ఇసుక కప్పియుంచుటచే అది చాలవరకు చెడలేదు. 2013 జూన్ 10న దానిని పైకెత్తిరి.

అది 1940 ఆగస్టు 26న బెల్జియము నుండి బయలుదేరి, ఎసెక్సు విమానాశ్రయములపై దాడికి పోవుచు కూలినదని మ్యూజియము వారి నిర్ణయము. ఆ దినపు యుద్ధవృత్తాంతములు లేనిచో అది పేరులేని ఇనుపముక్కయే యగును. నలుగురిలో ఇరువురు మరణించిరి, ఇరువురు బందీలైరి. దానిని కూల్చినవి బ్రిటిషు 264వ స్క్వాడ్రనుకు చెందిన డిఫయంటు విమానములని చెప్పుదురు. ఈ స్క్వాడ్రను మద్రాసు ప్రెసిడెన్సీ పేరును ధరించినది. కోస్తా జిల్లాలు, రాయలసీమ ఆనాడు ఆ ప్రెసిడెన్సీలోనివే గనుక, ఎక్కడి గుడ్విన్ తిన్నెలు, ఎక్కడి మనవారి పేరు అని ముక్కుపై వ్రేలు వేసికొనక తప్పదు. డిఫయంటునకు ముందువైపు తుపాకులు లేవు. నాలుగు తుపాకులును పైలట్ వెనుక తిరుగు గోపురములో నుండెడివి. జర్మనులు ఈ లోపమును త్వరలోనే కనిపెట్టి దానిని చీల్చి చెండాడిరి.

ఉప్పునీట డెబ్బదిమూడేండ్లు నానిన అల్యూమినియమునకు గాలి సోకిన వెంటనే పొడియగు ప్రమాదము కలదు. అందుచేత కాస్ఫర్డులోని వాయుసేన మ్యూజియమున పొడవైన గుడారములు నిర్మించి, నిమ్మపండ్ల పులుపునకు మూలమైన ఆమ్లమును పలుచగా నీట కలిపి, నెలల తరబడి దానిపై చిలుకరించిరి. ఉప్పు క్రమముగా దిగిపోయి, పాచియు గుల్లలును రాలినవి. క్రొత్తదానివలె తీర్చిదిద్దక శకలముగానే నిలుపవలెనని వారి సంకల్పము. డిఫయంటు జాతిలో సంపూర్ణముగా మిగిలిన ఒకే విమానమును కూడ ఆ మ్యూజియము వారే కాపాడుచున్నారు.