గుండ్రంగా లేని రౌండ్ ఐలాండ్

మారిషస్‌కి ఉత్తరాన, 20 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో రెండు చిన్న దీవులున్నాయి. ఒకదాని పేరు రౌండ్ ఐలాండ్. అది గుండ్రంగా ఉండదు, దానిమీద పాములున్నాయి. పక్కది సర్పెంట్ ఐలాండ్, అంటే పాముల దీవి. అది గుండ్రంగానే ఉంటుంది గానీ పాములు లేవు! పటం గీసినవాడు పేర్లు తారుమారు చేశాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ నాకు నచ్చిన కథ.

రౌండ్ ఐలాండ్ మొత్తం కలిపి 2 చదరపు కిలోమీటర్లు. నేనుంటున్న కువైట్‌లో బుబియాన్ అనే ఒక్క దీవే 860 పైన ఉంటుంది. అంత చిన్న గుట్టమీద ఒక పాముల కుటుంబం మొత్తం మిగిలింది, పేరు బోలియరిడే. జాతి కాదండోయ్, కుటుంబం. మన నాగుపాము, కట్లపాము, సముద్రపు పాములు అన్నీ కలిస్తే ఒక కుటుంబం. ఇందులో ఉన్నవి రెండే జాతులు. వీటి పైదవడ ఎముక మధ్యలో రెండు ముక్కలై, మడతబందులా కదులుతుంది. మరే పాముకీ ఇలా లేదు. జారిపోయే నలికీచుల్ని ఒడిసిపట్టడానికే అంటారు. ఇంజనీరింగు చదివినవాణ్ణి కదా, ఆ బొమ్మ చాలాసేపు చూశాను.

ఒకప్పుడు ఇవి మారిషస్ పెద్ద దీవిలోనూ ఉండేవి, ఎముకలు దొరికాయి. ఓడల్లో ఎలుకలు దిగాయి, పాములు పోయాయి. 1834 తర్వాత చెరకు తోటల్లో కూలికి కోరంగి రేవు నుంచి వెళ్ళిన మనవాళ్ళు (అక్కడ వాళ్ళకి కోరంగీలనే పేరు) ఆ నేలమీద వీటిని చూసే అవకాశం లేదు.

రౌండ్ ఐలాండ్‌కి ఎలుక చేరలేదు. మేకలు, కుందేళ్ళు చేరాయి, మనుషులే వదిలారు. 19వ శతాబ్దంలో రెండూ అక్కడ తిరుగుతున్నాయి. అవి పాముల జోలికి పోలేదు, మొలకల్ని మేశాయి. మొలకలు లేక చెట్లు పలచబడ్డాయి, వేళ్ళు లేక మట్టి వానలకి సముద్రంలోకి జారిపోయింది. ఆ రెండు పాముల్లో ఒకటి మట్టిలో దూరి బతికేది. 1975లో కనిపించిందే ఆఖరు. ఎవరూ కర్ర ఎత్తలేదు, కాళ్ళకింద నేల పోయింది, అంతే (పాముకి కాళ్ళెక్కడివి అనకండి). మేకల్ని 1979 నాటికి, కుందేళ్ళని 1986లో పూర్తిగా తీసేశారు.

రెండోది, కసారియా, నిలబడింది. 1970ల్లో జెరాల్డ్ డరెల్ కొన్నిటిని జెర్సీకి తీసుకెళ్ళాడు, తర్వాత అక్కడ గుడ్లు పొదిగి పిల్లలయ్యాయి. 2012లో 60 పాముల్ని, ఎలుకలు లేకుండా చేసిన గన్నర్స్ కోయిన్ దీవిలో వదిలారు. అది మారిషస్ తీరానికి ఇంకా దగ్గర.