మా ఊళ్ళో పడవకి పార్కింగ్ ఎక్కడ?

మొన్నామధ్య కాల్ మొదలవడానికి ముందు మా క్లయింటు మేనేజరు తన పడవ ఫొటోలు చూపించాడు. ఆయనుండేది ఫ్లోరిడాలో. సెలవు దొరికితే చాలు, బహామాస్ వైపు పోతాట్ట. మిగతా రోజుల్లో పడవని మెరీనాలో కట్టేసి, పడవ పొడవు అడుగుకింత అని లెక్కగట్టి నెలనెలా అద్దె కడతాట్ట. మనం బెంగుళూరులో కారు పార్కింగుకి ఏడుస్తుంటాం కదా, ఆయన ఏడుపు ఇదన్నమాట.

"మీదీ సముద్రం పక్క ఊరే కదా, మీవాళ్ళు పడవలు ఎక్కడ కడతారు?" అని అడిగాడు.

"కట్టరు, మోస్తారు" అన్నాను. జోకనుకుని నవ్వాడు. జోకు కాదు, నిజంగా మోస్తారు :)

మాది సోంపేట దగ్గర. ఉద్యానవనం అనే మాటే అరిగి ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలు, అవి దాటగానే ఇసుక, ఇసుక దాటగానే సముద్రం. చిన్నప్పుడు బారువ వెళ్ళినప్పుడల్లా ఒడ్డున బోర్లించిన తెప్పల నీడలో కూచునేవాళ్ళం. సముద్రంలో తిరగాల్సినవి ఇక్కడెందుకున్నాయన్న ప్రశ్నే రాలేదు. ఈయన అడిగాక కూచుని ఆలోచించాను.

కరీబియన్ దీవుల్లో గాలి ఏడాదిలో ఎక్కువ భాగం తూర్పు నుంచే వీస్తుంది. కాబట్టి దీవికి పడమటి పక్క నీళ్ళు కాస్త నెమ్మదిగా ఉంటాయి. పగడపు దిబ్బలు కెరటాన్ని ముందే విరగ్గొడతాయి. హరికేన్ వస్తోందంటే పడవని మడ అడవుల పాయల్లోకి తీసుకెళ్ళి చెట్లకి తాళ్ళతో కట్టేస్తారు. మరి మనకో? శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు. రాష్ట్రంలో ఇంత పొడవు ఇంకే జిల్లాకీ లేదని గొప్పగా చెప్పుకుంటాం. కానీ పెద్ద అఖాతం లేదు, అడ్డంగా ఒక దీవి లేదు. బాహుదా, మహేంద్రతనయ లాంటి నదులు కలిసేచోటైనా దూరదామంటే మొగల్లో ఇసుక మేటలు. ఒడ్డున లంగరేసి వదిలితే తెల్లారేసరికి కెరటాలు పడవని పలకలు పలకలుగా విడదీసి పెడతాయి.

అందుకని ఇక్కడివాళ్ళు పడవకి తగ్గ రేవు కట్టుకోలేదు, రేవు లేని తీరానికి తగ్గ పడవ కట్టుకున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఇంజనీరింగ్ ఇదే. తెప్ప చూడండి. తేలికపాటి కర్ర దుంగలు నాలుగైదు కలిపి కట్టింది. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని విడివిడిగా ఆరబెట్టేవాళ్ళు, నీళ్ళు తాగిన కర్ర బరువెక్కి తేలదు కాబట్టి. పొద్దున్నే మళ్ళీ కట్టుకోవడం. అంటే రోజూ పడవని విప్పి రోజూ పడవని కట్టడమే! ఇంక తెల్లవాళ్ళు మసూలా అని పిలిచిన పడవ ఉంది. పలకల్ని కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు. ఒక్క మేకు ఉండదు, లోపల అడ్డ పక్కటెముకలు ఉండవు. ఇసుక మీద పడ్డప్పుడు మేకులు కొట్టిన పడవ పగులుతుంది, ఇది మాత్రం ఒళ్ళు వంచి సర్దుకుంటుంది. కుట్లు వదులైతే విప్పి మళ్ళీ కుట్టాలి. కొబ్బరి తోటల పక్కనే ఉన్నవాళ్ళకి పీచుకేం కరువు?

ఆ రోజుల్లో కళింగపట్నం, బారువ రేవుల పేర్లు వినబడేవంటే అక్కడ ఓడ వచ్చి ఆనుకునే గోడలుండేవని కాదు. స్టీమరు దూరంగా లోతు నీళ్ళలో లంగరేసుకుని నిలబడేది. సరుకైనా, రంగూన్ కూలికి పోయే మనిషైనా కెరటాలు దాటి ఓడెక్కాలంటే ఈ కుట్టు పడవలే దిక్కు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పేరు ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది. తెడ్లు వేసినవాళ్ళ పేరు ఒక్కటీ కనబడదు. కళింగ నావికుల ఘనత గురించి మనం ఫార్వర్డు చేసుకునే మెయిళ్ళలో కూడా కనబడదు లెండి.

తర్వాత కథ మీకు తెలిసిందే. 1890ల్లో పలాస మీదుగా రైలు వచ్చింది, 1933లో విశాఖ రేవు తెరిచారు, చిన్న రేవులు మూతబడ్డాయి. చేపల పడవలు మాత్రం ఇసుక మీదే ఉండిపోయాయి.

ఆ ఇసుక మీదే మరో ప్రయోగం జరిగింది. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం కార్యక్రమం మొదలుపెట్టింది. ఒడ్డెక్కే పడవకి ఇంజను పెట్టడమెలా అన్నది వాళ్ళ తలనొప్పుల్లో ఒకటి. ఇంజను పెట్టగానే కింద ఫ్యాను వస్తుంది, ఒడ్డుకి రాగానే ఆ ఫ్యాను ఇసుకలో దిగబడుతుంది. అందుకని అవసరమైనప్పుడు పైకెత్తుకునేలా అమర్చారు. ఫైబర్ పడవలు, ఇంజన్లు తీరమంతా వచ్చేశాయి. చెక్క కుళ్ళే బాధ తప్పింది గానీ, బరువు పెరిగింది. బరువు పెరిగితే లాగడానికి మనుషులు ఎక్కువ కావాలి. మా చిన్నప్పుడు పడవ ఒడ్డుకొస్తే దారిన పోయేవాళ్ళు కూడా చెయ్యేసేవారు, నాలుగు చేపలు చేతిలో పెట్టేవారు. అదే మెరీనా అద్దె.

ఆ చేతులు ఇప్పుడు గుజరాత్‌లో ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రాళ్ళు వెరావల్ వెళ్ళి అక్కడి మర పడవల మీద నెలల తరబడి పనిచేస్తారు. 2018లో కొందరు పాకిస్తాన్‌కి పట్టుబడితే, 20 మంది 2020 జనవరిలో తిరిగొచ్చారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకి ఆధారం ఆ సంగతే. సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నాం. ఇక్కడే పడవ నిలుపుకునే చోటుంటే అంత దూరం ఎందుకు పోతారని అడిగినవాళ్ళు తక్కువ.

రేవు కట్టెయ్యొచ్చుగా అంటారా? టెక్కలి వైపు భావనపాడులో చేపలరేవు కట్టారు, ఇసుక పూడ్చేసింది. మన తీరంలో ఏడాది మొత్తం మీద లెక్కేస్తే ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. అడ్డంగా గోడ కడితే దక్షిణాన మేటేస్తుంది, ఉత్తరాన కోసుకుపోతుంది. మద్రాసులో హార్బరు కట్టాక మెరీనా బీచి వెడల్పయింది, రాయపురం వైపు ఒడ్డు కొట్టుకుపోయింది. విశాఖలో ఇప్పటికీ ఇసుక తవ్వి బీచిలో పోస్తూనే ఉండాలి. భావనపాడు పక్కనే మూలపేటలో పెద్ద ఓడరేవుకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేశారు. నేనేమీ రేవులకి వ్యతిరేకిని కాను, ఉద్యోగాలొస్తే మా వాళ్ళకే మంచిది. కాకపోతే ఉత్తరాన పడవలు నిలిపే ఇసుక ఏమవుతుందో ఆ ఊళ్ళవాళ్ళకి ముందే చెప్పి, ఏటా కొలిచి చూపించాలి. బయటివాళ్ళ కంటికి అది ఖాళీ స్థలం. పడవకి రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. అది నిలిచే చోటుకి ఏ కాగితమూ లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, గంటకి 140, 150 కిలోమీటర్ల గాలితో. నేను వెళ్ళేసరికి తోటలు తలల్లేకుండా ఉన్నాయి. ఒడ్డున ఒక పెద్దాయన వలలోంచి కొమ్మలు తీసుకుంటున్నాడు. తుపాను కబురొస్తే పడవలు ఏం చేస్తారు తాతా అని అడిగాను.

"ఏటి సేత్తాం బాబూ, తోటలోకి లాగీసి కొబ్బరిసెట్టుకి కట్టెత్తాం. ఈపాలి సెట్టే వొచ్చి పడవ మీన పడిపోనాది" అన్నాడు.

మోకు మాత్రం తెగలేదట. చుట్ట చుట్టి పక్కన పెట్టుకున్నాడు.