సంతకాన్ని వెలుతురు తినేస్తుంది: అమెరికా పత్రం, మన రాజ్యాంగం



ఇష్టమైన క్రికెటరో, హీరోనో మనకి ఆటోగ్రాఫ్ ఇచ్చారనుకోండి. ఏం చేస్తాం? ఫ్రేమ్ కట్టించి, హాల్లో అందరికీ కనిపించే చోట తగిలిస్తాం. సరిగ్గా ఇదే పని ఒకప్పుడు అమెరికా ప్రభుత్వం కూడా చేసింది. ఏమైందో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద 56 మంది సంతకాలున్నాయి. అది కాగితం కాదు, జంతు చర్మంతో చేసిన పార్చ్‌మెంట్. మొదట్లో దాన్ని చాపలా చుట్టి ఊళ్లు తిప్పారు. 1841లో వాషింగ్టన్‌లోని పేటెంట్ ఆఫీసు భవనంలో గోడకి తగిలించారు. ఎదురుగా కిటికీ! దాదాపు 35 ఏళ్లు ఆ వెలుతురులోనే ఉంది. ఇప్పుడు చూస్తే అందులో చాలా సంతకాలు చదవడమే కష్టం. కింద ఎడమ మూలన ఎవరిదో చేతి ముద్ర కూడా పడింది. ఆ పత్రాన్ని దొంగలు ఎత్తుకెళ్లలేదు, మంటలు కాల్చలేదు. గర్వంగా చూపించుకోవడమే దానికి ముప్పు అయింది.

1951లో హీలియం నింపిన గాజు పెట్టెలో సీల్ చేశారు. ఇప్పుడు ఆర్గాన్ వాయువు నింపిన టైటానియం ఫ్రేమ్‌లో, మసక వెలుతురులో ఉంచారు. కానీ పోయిన సిరా తిరిగి రాదు కదా!

మరి మన దగ్గర? 1950 జనవరి 24న రాజ్యాంగ సభ సభ్యులు మన రాజ్యాంగం మీద సంతకాలు చేశారు. వాళ్లలో మన దుర్గాబాయి కూడా ఉన్నారు. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేత్తో రాసిన ఇంగ్లిష్ ప్రతి అది. బొమ్మలు నందలాల్ బోస్, ఆయన శిష్యులవి. డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు దానికి 1000 ఫొటో ప్రతులు అచ్చు వేశారు. జనం చూడటానికి ఆ ప్రతులున్నాయి. అసలుదేమో పార్లమెంటు లైబ్రరీలో, నైట్రోజన్ నింపిన పెట్టెలో భద్రంగా ఉంది. 1990లలో మన నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ, అమెరికాలోని గెట్టీ సంస్థ కలిసి ఆ పెట్టె చేశాయి. ఆక్సిజన్ లేకపోతే పురుగు బతకదు, కాగితం త్వరగా పాడవదు.

నాకు ఈ రెండు కథల్లో కనిపించేది ఒకటే: చూపించడానికి నకలు, దాచడానికి అసలు.

మన ఇంట్లో నైట్రోజన్ ఎక్కడిది అంటారా? అక్కర్లేదు. తాతయ్యకి వచ్చిన ఉత్తరమైనా, సంతకం ఉన్న ఫొటో అయినా ముందు స్కాన్ చేయండి. మంచి ప్రింట్ తీయించి దాన్నే గోడకి పెట్టండి. అసలుదాన్ని యాసిడ్ లేని కాగితంలో పెట్టి, చెమ్మ తగలని చీకటి చోట దాచండి. అసలుదే ఫ్రేమ్ కట్టిస్తానంటే యూవీ గాజు అడగండి. గాజు సంతకానికి తగలకుండా మధ్యలో మౌంట్ వేయించండి. కిటికీకి ఎదురుగా మాత్రం తగిలించొద్దు. లామినేషన్, సెల్లో టేప్, ఫెవికాల్... వీటి జోలికి అస్సలు వెళ్లొద్దు. ఒకసారి అంటిస్తే మళ్లీ ఊడదీయడం కష్టం.

మీ ఇంట్లో అలాంటి సంతకం ఏదైనా ఉంటే, ఎవరిదో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.