తొమ్మిది పాళ్ల లెక్క

మా నాయన 2001లో పోయారు. కర్మలు ముగిశాక ఆయన ట్రంకుపెట్టె తెరిచాను. పైన బ్యాంకు పాసుబుక్కు, పన్ను రసీదులు. అడుగున తాత కాలంనాటి తెలుగు దస్తావేజులు. ఊరు ఒక్కటే గాని జిల్లా పేరు మారుతూ వచ్చింది. పాత కాగితాల్లో సేలం, 1965 తర్వాతి వాటిలో ధర్మపురి. 2004 నుంచి కృష్ణగిరి. హోసూరు ప్రాంతపు తెలుగువాళ్లకు ఇదేమీ వింత కాదు.

డెత్ సర్టిఫికెట్ చూపించి తాలూకా ఆఫీసులో వారసుల సర్టిఫికెట్ తీసుకున్నాం. అమ్మ అంతకు ముందే పోయింది గనుక అందులో అక్క, నేను, చెల్లెలు, మూడే పేర్లు. బ్యాంకు డబ్బు నామినీగా నా చేతికి వచ్చింది. నామినీ సొమ్ము పుచ్చుకునే మనిషే తప్ప సొంతదారు కాడని 1983లో సుప్రీంకోర్టు ఒక ఇన్సూరెన్సు కేసులో చెప్పి ఉంది. ఆ డబ్బు ముగ్గురం సమానంగా పంచుకున్నాం. చిక్కు భూమి దగ్గర వచ్చింది.

అది తాత నుంచి దిగిన ఉమ్మడి ఆస్తి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అలాంటి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకులకే. తండ్రి పోయాక ఆయన వంతులో మాత్రమే కూతుళ్లకు భాగం. దీన్ని సరిదిద్దడానికి ఒక్కో రాష్ట్రం ఒక్కో తేదీ పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసి 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేసింది. తమిళనాడుకు 1989 మార్చి 25, మహారాష్ట్రకు 1994 జూన్ 22, కర్ణాటకకు అదే ఏడు జూలై 30. ఈ నాలుగు చోట్లా ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి ఆ హక్కు లేదు. ఒడిశాలోని ఆడపిల్లలు 2005 కేంద్ర సవరణ దాకా ఆగవలసి వచ్చింది.

మా అక్క పెళ్లి 1984లో, చెల్లెలి పెళ్లి 1992లో జరిగాయి. వకీలు లెక్క వేశారు. నాయనకు, నాకు, చెల్లెలికి తలా మూడో వంతు. నాయన వంతును మళ్లీ ముగ్గురు బిడ్డలకు పంచాలి. అంటే తొమ్మిది పాళ్లలో నాకు నాలుగు, చెల్లెలికి నాలుగు, అక్కకు ఒకటి.

అక్క ఆ కాగితం చాలాసేపు చూసి, "అయిదేండ్లు ముందుగా పెండ్లి చేసినందుకా రా ఇది?" అంది.

"చట్టం అట్లుంది అక్కా" అన్నాను. అది అబద్ధం కాదు. అయితే ఎక్కువ ఇస్తానంటే ఏ చట్టమూ అడ్డుపడదని కూడా నాకు తెలుసు. ఆ మాట నేను ఎత్తలేదు.

పంపకం రిజిస్టరు కాలేదు, పట్టా ఉమ్మడిగానే ఉండిపోయింది. పంట మాత్రం ఆ లెక్కనే పంచుతూ వచ్చాను. 2005 సెప్టెంబరు 9న అమలుకు వచ్చిన కేంద్ర సవరణ పెళ్లయిన కూతురు, కాని కూతురు అన్న తేడాను తీసేసింది. నాయన అంతకు ముందే పోయారు గనుక అది మాకు తగలదని కొందరు చెప్పారు. నాకు లాభమైన మాట కాబట్టి నమ్మాను. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు సందేహం తీర్చింది: కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది, సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదు. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా ముగిసిన పంపకాలను మాత్రం అది కదపదు. మాది ముగియలేదు.

2021లో అక్క ఇంటికి వెళ్లి విషయం చెప్పాను. మూడు సమాన భాగాలకు పంపక పత్రం రాయించి రిజిస్టరు చేశాం. పత్రం తమిళంలో ఉంది. అక్క తన పేరు తెలుగులో సంతకం చేసింది.

సరిహద్దుకు ఇటూ అటూ సంబంధాలు కలుపుకునే మన ఇళ్లలో ఇలాంటి ఉమ్మడి పట్టాలు ఇంకా ఉంటాయి. పెట్టె తెరిచినప్పుడు ఆడపిల్లల పెళ్లి తేదీలు కాదు, పంపకం రిజిస్టరైన తేదీ చూడండి. మా పాళ్లు సరి అయ్యాయి. ఇరవై ఏండ్ల పంట లెక్క మాత్రం అక్క అడగలేదు, నేనూ చెప్పలేదు.