రంగు లేని కిస్

పెళ్ళిళ్ళకూ వినాయక చవితి పందిళ్ళకూ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించినవాణ్ణి. అసలు గిటారిస్టుకు కుదరనిరోజు కబురొచ్చేది నాకు. కిస్ అనే రాక్ బ్యాండ్ 1995లో చేసిన అన్‌ప్లగ్డ్ కచేరీ గురించి ఎవరు మాట్లాడినా పాత సభ్యులు ఏస్ ఫ్రేలీ, పీటర్ క్రిస్ మళ్ళీ స్టేజీ ఎక్కారనే మురిసిపోతారు. వాళ్ళ చోట వచ్చినవాడిలాంటివాణ్ణి కాబట్టేనేమో, నా చూపు మాత్రం అప్పటి లీడ్ గిటారిస్టు బ్రూస్ క్యూలిక్ చేతుల మీదుంటుంది.

కిస్ 1973లో న్యూయార్క్‌లో పుట్టింది. పాల్ స్టాన్లీ, జీన్ సిమన్స్, ఫ్రేలీ, క్రిస్. ముఖాలకు తెలుపూ నలుపూ రంగులు, జానెడు ఎత్తు బూట్లు, సిమన్స్ నోట నెత్తురు, స్టేజీ నిండా మంటలు. వీధి భాగవతం చూసి పెరిగినవాళ్ళు పెద్దగా బెదరరనుకోండి. 1980లో క్రిస్, 1982లో ఫ్రేలీ బయటికి పోయారు. 1983 సెప్టెంబరులో బ్యాండ్ రంగు కడుక్కుని ఎంటీవీలో కనబడింది. ఆ మరుసటేడు లీడ్ గిటార్‌కు క్యూలిక్ వచ్చాడు. క్యాన్సర్ బారిన పడిన డ్రమ్మర్ ఎరిక్ కార్ 1991లో చనిపోగా, ఆ చోటు ఎరిక్ సింగర్‌కు దక్కింది.

1995 వేసవిలో వీళ్ళు అమెరికా హోటళ్ళలో అభిమానుల సభలు పెట్టారు. పాత వేషాలు అక్కడ ప్రదర్శనకు ఉండేవి. తర్వాత అకూస్టిక్ గిటార్లు పట్టుకుని, జనం అడిగిన పాటలు వాయించేవారు. అది చూసి ఎంటీవీ తన అన్‌ప్లగ్డ్ కార్యక్రమానికి పిలిచింది. ఆగస్టు 9న న్యూయార్క్ సోనీ మ్యూజిక్ స్టూడియోస్‌లో రికార్డింగ్. రెండేళ్ళ కిందట నిర్వాణ బ్యాండ్ అన్‌ప్లగ్డ్‌కు కూర్చున్నదీ అక్కడే.

హార్డ్ రాక్ గిటారిస్టుకు డిస్టార్షన్, అంటే ఎలక్ట్రిక్ గిటార్ మోతను గరగరలాడించే హంగు, పెద్ద దన్ను. రెండు తీగల మీద కొట్టిన కార్డు కూడా గోడ కట్టినట్టు నిలబడుతుంది. లాగి పట్టిన స్వరం వదిలేదాకా మోగుతూనే ఉంటుంది. అదే కార్డు అకూస్టిక్ గిటార్ మీద కొట్టి చూడండి, టక్కుమని ఆగిపోతుంది. ఖాళీ తీగలు కలుపుకోవాలి, కుడిచేత్తో లయ నింపాలి, సోలోలో స్వరం ఆరిపోయేలోగా తర్వాతిది అందుకోవాలి. ఎడమచేతి వేళ్ళు కాస్త తడబడినా దాచుకునే చోటుండదు. క్యూలిక్ ఆ రాత్రి ఎక్కడా తొందరపడలేదు. 1974 నాటి 'కమిన్ హోమ్'తో మొదలైన ఆ పాటలు రంగూ మంటా లేకుండానే నిలబడ్డాయి. 'ఐ స్టిల్ లవ్ యూ'లో స్టాన్లీ గొంతు వింటే, ఇన్నాళ్ళూ ఈ మనిషి బాణాసంచా చాటున ఎందుకు దాక్కున్నాడా అనిపిస్తుంది.

ఆ తర్వాత పాతవాళ్ళిద్దరినీ పిలిచారు. ఫ్రేలీ రోలింగ్ స్టోన్స్ పాట '2000 మ్యాన్' పాడాడు. 1976లో ఆర్కెస్ట్రా హంగుతో హిట్టయిన 'బెత్'ను క్రిస్ గిటార్ల మీద పాడాడు. గొంతు అప్పటిది కాదు, అయినా జనం ఊగిపోయారు. చివరికి ఆరుగురూ కలిసి వాయించారు, ఇద్దరు డ్రమ్మర్లతో సహా. ఆ వరసలో క్యూలిక్, ఎరిక్ సింగర్ నవ్వుతూనే ఉన్నారు. నాకైతే ఆ నవ్వు తెలుసు. అసలు మనిషి రాగానే కుర్చీ జరిపి చోటిచ్చేటప్పుడు నేనూ అలాగే నవ్వేవాణ్ణి.

అక్టోబరు 31న ప్రసారమైంది. ఆల్బమ్ 1996 మార్చిలో వచ్చింది. అప్పటికే, ఫిబ్రవరిలో, మొదటి నలుగురూ రంగు పూసుకుని గ్రామీ వేదిక మీద నిలబడ్డారు. జూన్ 28న డెట్రాయిట్ టైగర్ స్టేడియంలో టూరు మొదలు, మంటలతో, నెత్తుటితో. హంగులు అక్కర్లేదని నిరూపించిన కచేరీయే హంగులను వెనక్కి తెచ్చింది. ఈ సందడిలో క్యూలిక్, సింగర్ వాయించిన ఆల్బమ్ 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' 1997 దాకా బయటికి రాలేదు.

సింగర్ 2001లో తిరిగొచ్చాడు, క్రిస్ వేసే పిల్లి వేషం వేసుకుని. క్యూలిక్‌ను మాత్రం మళ్ళీ తీసుకోలేదు. అతను గ్రాండ్ ఫంక్ రైల్‌రోడ్‌లో చేరి ఇరవయ్యేళ్ళకు పైగా వాయించాడు.