హోమ్ లోన్ ఈఎంఐలు ఆగిపోయాయా? ఇల్లు వేలానికి వెళ్లకముందే ఈ గడువులు తెలుసుకోవాలి..

ఉద్యోగం పోవడం, వ్యాపారంలో నష్టం, ఇంట్లో ఒకరికి పెద్ద ఆపరేషన్.. కారణం ఏదైనా రెండు ఈఎంఐలు ఆగాయంటే బ్యాంకు నుంచి ఫోన్లు మొదలవుతాయి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఫోన్ ఎత్తరు, నోటీసు వస్తే తీసుకోరు. తీసుకోకపోతే కేసు కదలదని అనుకుంటారు. కానీ బ్యాంకు ఆ నోటీసును ఇంటికి అంటించి, పేపర్లో వేయించి తన పని తాను చేసుకుపోతుంది. గడువు మాత్రం కరిగిపోతుంది.

బాకీ 90 రోజులు దాటితే ఆ లోన్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ కింద లెక్క. ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు కోర్టులో దావా వేయకుండానే ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. అందుకే ఆ 90 రోజులు చాలా విలువైనవి. ఆదాయం ఎందుకు తగ్గిందో కాగితాలతో చూపించి, లోన్ కాలపరిమితి పెంచి ఈఎంఐ తగ్గించమని బ్రాంచిలో అడగొచ్చు. బ్యాంకు ఒప్పుకుని తీరాలన్న రూల్ లేదు, కానీ అడగకపోతే అసలే రాదు. అడిగేది లెటర్ రూపంలో ఉండాలి, దాని కాపీ మీద బ్యాంకు స్టాంపు వేయించుకోవాలి. లోన్ తీసుకున్న వ్యక్తి చనిపోయి ఉంటే, లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ చేశారేమో ముందు పాత ఫైల్‌లో వెతకాలి.

ఎన్‌పీఏ అయ్యాక 60 రోజుల డిమాండ్ నోటీసు వస్తుంది. లెక్క తప్పుగా ఉంటే అభ్యంతరం రాసి పంపొచ్చు, దానికి బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబు ఇవ్వాలి. ఈ నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు అమ్మకూడదు. అనుమతి తీసుకుని సొంతంగా కొనేవాళ్లను చూసుకుంటే మాత్రం వేలం కంటే మంచి రేటు వచ్చే అవకాశం ఉంటుంది. ఒకవేళ వేలమే జరిగినా, బాకీ, ఖర్చులు పోగా మిగిలిన డబ్బు ఇంటి ఓనర్‌కే చెందుతుంది. ఈ సంగతి చాలామందికి తెలీదు.

బ్యాంకు స్వాధీనానికి దిగితే, ఆ రోజు నుంచి 45 రోజుల్లోగా డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. హైదరాబాద్, విశాఖపట్నంలో ఈ ట్రిబ్యునళ్లు ఉన్నాయి. సివిల్ కోర్టులో కేసు వేసినా నిలబడదు. ట్రిబ్యునల్‌లో అప్లికేషన్ వేసినంత మాత్రాన స్టే రాదు, దాన్ని విడిగా అడగాలి. అక్కడ ఓడిపోతే అప్పీల్ కోల్‌కతాలో. దానికి బాకీలో సగం, తగ్గించినా కనీసం పావు వంతు డిపాజిట్ చేయాలి. ఇల్లే పోతున్న కుటుంబానికి అది చిన్న మాట కాదు. కాబట్టి మొదటి 45 రోజుల్లోనే గట్టిగా పోరాడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. వేలం పాట జరిగే రోజు వరకు డబ్బు కట్టి ఇల్లు విడిపించుకోవచ్చని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. 2016లో చట్టం మారింది. వేలం నోటీసు ప్రచురించేలోపే మొత్తం బాకీ కట్టాలి. నోటీసు వెలువడ్డాక ఆ హక్కు ఉండదని 2023లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. అంటే బంధువుల దగ్గర డబ్బు సర్దుకునేవాళ్లు పేపర్లో ప్రకటన వచ్చేదాకా ఆగితే లాభం లేదు. వన్ టైమ్ సెటిల్‌మెంట్ కూడా అంతే, అది బ్యాంకు ఇష్టం తప్ప హక్కు కాదని 2021లోనే కోర్టు చెప్పింది. అయినా లోక్ అదాలత్‌లలో బ్యాంకులు రాజీకి వస్తుంటాయి, ప్రయత్నించి చూడొచ్చు.

లాయర్‌కు ఫీజు ఇచ్చుకోలేని పరిస్థితి ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు అక్కడ ఉచిత న్యాయ సహాయం కోరవచ్చు. హెల్ప్‌లైన్ నంబర్ 15100. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటల ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేసినా, బెదిరించినా ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో స్పందన లేకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. లోన్ ఇచ్చింది హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే ఆ ఫిర్యాదు నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు పంపాలి.