ఎదురుచూపు లెక్క: నిర్మాణ ఉత్పాదకతలో సిమ్యులేషన్ చరిత్ర

భవన నిర్మాణంలో పని వెనుకబడితే మొదటి నింద కూలీల మీద పడుతుంది. ఆ నింద ఎంతవరకు న్యాయమో లెక్కగట్టి చూపే పద్ధతి రావడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ చరిత్రను ఈ భాగంలో మీరు చదువుతారు.

మొదటి అడుగు ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌ది. 1885లో అమెరికాలో తాపీపని నేర్చుకోవడానికి చేరిన ఆయన, ఒకే గోడను ఒక్కో మేస్త్రీ ఒక్కో తీరులో కట్టడం గమనించాడు. ఇటుక పేర్చడంలోని 18 కదలికలను 5కు తగ్గించాడు. మాటిమాటికీ వంగనక్కరలేకుండా, ఎత్తు మార్చుకోగల పరంజాను రూపొందించాడు. గంటకు 120 ఇటుకలు పేర్చే మనిషి 350 పేర్చగలిగాడని టేలర్ 1911 నాటి గ్రంథంలో రాశాడు. గొప్ప పనే. అయితే ఇక్కడ పరిశీలనంతా ఒక మనిషి చేతుల మీదే ఉంది. పది ముఠాలు, నాలుగు యంత్రాలు ఒకదాని కోసం ఒకటి ఆగిపోతే ఏమవుతుందో గడియారం, కెమెరా మాత్రమే చెప్పలేవు.

అది చెప్పగల సాధనం నిర్మాణరంగంలో పుట్టలేదు. 1946-47 ప్రాంతంలో లాస్ అలమోస్ అణు పరిశోధన కేంద్రంలో ఉలాం, వాన్ నాయ్‌మన్ యాదృచ్ఛిక సంఖ్యలతో లెక్కచేసే మాంటే కార్లో పద్ధతిని రూపొందించారు. 1961లో ఐబీఎంలో జెఫ్రీ గోర్డన్ తయారుచేసిన జీపీఎస్ఎస్ భాషతో వరుసలో నిలబడి ఆగే వ్యవస్థలను కంప్యూటర్‌లో నడిపి చూడటం సులువైంది. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో పాల్ టైకోల్జ్ నిర్మాణ యంత్రాల ఎంపికకు సిమ్యులేషన్‌ను వాడాడు.

దీని అవసరం ఏమిటో ఒక ఉదాహరణతో చూడండి. స్లాబుకు కాంక్రీటు పంపు ఒకటి, ట్రాన్సిట్ మిక్సర్ లారీలు నాలుగు ఉన్నాయి. ఒక్కో లారీ 6 ఘనమీటర్లు తెస్తుంది. పంపు దగ్గర దించడానికి సగటున 15 నిమిషాలు, ప్లాంటుకు వెళ్ళి నింపుకొని రావడానికి సగటున 45 నిమిషాలు. కాగితం మీద గంటకు నాలుగు లారీలు, అంటే 24 ఘనమీటర్లు. కానీ సగటు అనేది రోడ్డు మీద నడవదు. రెండు లారీలు ఒకేసారి వస్తాయి, ఆ తర్వాత పంపు ఖాళీగా నిలుస్తుంది. కాలాలు బాగా హెచ్చుతగ్గులయ్యే ఘాతీయ విభాజనాన్ని అనుసరిస్తాయనుకుంటే, గంటకు వచ్చేది సుమారు 19 ఘనమీటర్లే. ఐదో లారీ తెచ్చినా 21 దాటి కొద్దిగా మాత్రమే పెరుగుతుంది. హెచ్చుతగ్గులు ఇంత తీవ్రంగా లేని సైటులో నష్టం తక్కువగా ఉంటుంది గాని, పోదు. ఇక్కడ ఎవరూ సోమరిగా లేరని గమనించండి. మన ఊళ్ళలో మిల్లరు ఆగినప్పుడు తట్టలు అందించే వరుసంతా నిలబడిపోవడం మీరు చూసే ఉంటారు, అదీ ఇలాంటిదే.

1973లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డేనియల్ హాల్పిన్ తన డాక్టరేట్ పరిశోధనలో భాగంగా సైక్లోన్ పద్ధతిని ప్రతిపాదించాడు. ఇందులో ఆగి ఉన్న వనరుకు వృత్తం, జరుగుతున్న పనికి చతురస్రం. రెండు మూడు వనరులు కలిస్తేగాని మొదలుకాని పనికి మాత్రం మూలలో గీత ఉన్న చతురస్రం. పైన చెప్పిన దించే పని అలాంటిదే: పంపూ ఉండాలి, లారీ కూడా రావాలి. ప్రోగ్రామింగ్ రాని సైటు ఇంజనీరు సైతం తన పనిని గీసి చూపగలిగాడు. నా దృష్టిలో హాల్పిన్ ఘనత లెక్కలో కంటే ఈ బొమ్మలోనే ఉంది. ఎదురుచూపుకు ఒక గుర్తు ఇచ్చాక దాన్ని దాచడం కష్టం.

తర్వాత 1996లో మిషిగన్‌లో జూలియో మార్టినెజ్ స్ట్రోబోస్కోప్‌ను తయారుచేశాడు. లారీ పరిమాణం, మట్టి రకం వంటి తేడాలను కూడా అందులో చేర్చవచ్చు. అయినా ఏ నమూనా అయినా మీరిచ్చే కాలాల మీదే ఆధారపడుతుంది. వాటిని సైటులో నిలబడి, పని జరిగే వేళకాక పని ఆగిన వేళను కూడా కలిపి నమోదు చేయాలి. ఈ రెండోది చాలా పట్టికల్లో కనిపించదు.